సైకిల్‌కు అడ్డంగా దూకే పిల్లలతో ఎలా వ్యవహరించాలి?

ఎదురుగాలి
పదకొండేళ్ళుగా పనికి సైకిల్ మీదే వెళ్ళివస్తున్నాను. వానలో జారిపడ్డాను, కుక్కలు వెంటపడ్డాయి, ఆగి ఉన్న కార్ల తలుపులు ముఖం మీదికి తెరుచుకున్నాయి. వాటన్నిటికీ ఏదో ఒక ఉపాయం దొరికింది. గత మూడు వారాలుగా ఎదురవుతున్న ఇబ్బందికి మాత్రం ఏం చేయాలో తోచక ఈ సైకిలిస్టుల చర్చావేదికలో అడుగుతున్నాను.

సాయంత్రం తిరిగివచ్చే దారిలో వంతెన దిగగానే నలుగురైదుగురు అబ్బాయిలు పిట్టగోడ మీద కూర్చుని ఉంటారు. 13, 14 ఏళ్ళ వాళ్ళు. మొదటివారం అరుపులతో సరిపెట్టారు. రెండోవారం వాళ్ళలో ఒకడు నేను దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా ముందుకు దూకినట్టు చేసి వెనక్కి తగ్గాడు. మొన్న గురువారం మళ్ళీ అదే పని చేశాడు. ఈసారి నేను బెదిరి ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాను. వెనక చక్రం పైకి లేచింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్ళి రోడ్డు మీద పడ్డాను. మోచేయి గీరుకుపోయింది, మణికట్టు వాచింది. వాళ్ళు నవ్వారు, ఆ తర్వాత పరుగెత్తారు.

దెబ్బకన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధించింది. సైకిల్ రోడ్డు మీదే వదిలేసి వాళ్ళ వెంట చాలా దూరం పరుగెత్తాను. ఎవరూ దొరకలేదు. దొరికి ఉంటే ఆ కోపంలో ఏం చేసి ఉండేవాణ్ణో తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తోంది. దారి మార్చుకుందామంటే లారీలు తిరిగే రోడ్డు తప్ప మరొకటి లేదు. మీకు ఇలాంటివి ఎదురైనప్పుడు ఏం చేశారు?

ఇరుసు
పిల్లల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ మణికట్టు వైద్యుడికి చూపించండి. చేయి చాపి పడినప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లడం చాలా మామూలు. అది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. బెణుకే కదా అని వదిలేస్తే ఆ ఎముకకు రక్తప్రసారం సరిగా అందక అతుక్కోకుండా పోయే ప్రమాదం ఉంది. బొటనవేలి కింద గుంటలా ఉండే చోట నొక్కి చూసుకోండి. అక్కడ నొప్పి ఉంటే ఆలస్యం చేయవద్దు. అలాగే సైకిల్ ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట కడ్డీ, వంగిందేమో చూడకుండా మళ్ళీ ఎక్కవద్దు.

కొండమలుపు
హెల్మెట్‌కు కెమెరా పెట్టుకోండి. రెండు రోజులు రికార్డు చేసి పోలీసులకు ఇవ్వండి, ఊళ్ళో అందరూ చూసేలా ఆ వీడియో నెట్‌లో పెట్టండి. పిల్లలే కదా అని వదిలేసిన ప్రతి పెద్దమనిషీ వాళ్ళ తర్వాతి చేష్టకు బాధ్యుడే. ఈరోజు మణికట్టుతో పోయింది, రేపు వెనక నుంచి లారీ వస్తూ ఉంటే ఏమయ్యేది?

బడిబాట
వెనక లారీ ఉంటే ఏమయ్యేదన్న కొండమలుపు గారి ప్రశ్న సరైనదే, వీడియో నెట్‌లో పెట్టమనడం మాత్రం సరైనది కాదు. 22 ఏళ్ళుగా ఆ వయసు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పిల్లవాడి ముఖం ఒకసారి అలా బయటికి వెళ్ళాక దాన్ని వెనక్కి తెచ్చే మార్గం ఉండదు, చేసిన తప్పుకన్నా ఎన్నో రెట్లు పెద్ద శిక్ష అతని వెంట ఏళ్ళ తరబడి తిరుగుతుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యతకు రక్షణ ఇచ్చింది ఇలాంటి అవసరాల కోసమే. రికార్డు చేస్తే చేయండి. దాన్ని తల్లిదండ్రులకో, బడికో, పోలీసులకో చూపించండి, అంతవరకే.

ఎదురుగాలి గారిని ఒకటి అడగాలి. ఆ దూకే అబ్బాయి ఒంటరిగా ఎప్పుడైనా మీకు ఎదురయ్యాడా? అడగడానికి కారణం ఉంది. టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. కారు నడిపే కంప్యూటర్ ఆటను ఒంటరిగా ఆడినప్పుడు ఎంత తెగిస్తారు, స్నేహితులు పక్కన ఉన్నప్పుడు ఎంత తెగిస్తారు అని పోల్చి చూశారు. 13 నుంచి 16 ఏళ్ళ వాళ్ళు తోటివాళ్ళ ఎదుట చాలా ఎక్కువ సాహసాలకు దిగారు, 24 దాటిన పెద్దల్లో ఆ తేడా దాదాపు కనిపించలేదు. నా తరగతి గదిలో నేను రోజూ చూసేది కూడా ఇదే. మీ ముందుకు దూకుతున్న ఆ పిల్లవాడు నిజానికి గోడ మీద కూర్చున్న ముగ్గురి కోసం దూకుతున్నాడు, ఆ వేళకు ఆ దారిన వచ్చేది మీరు.

ఎదురుగాలి
ఇరుసు గారికి కృతజ్ఞతలు. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదన్నారు. అయినా పది రోజుల తర్వాత మళ్ళీ చూస్తామని కట్టు వేసి పంపారు. ఫోర్కు బాగానే ఉంది.

బడిబాట గారూ, మీరు అడిగాక గుర్తుకొచ్చింది. ఒక ఆదివారం ఉదయం ఆ అబ్బాయి చేతిలో సంచితో ఒక్కడే ఎదురొచ్చాడు. నన్ను చూసి తల దించుకుని రోడ్డు అవతలికి మారిపోయాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

తెల్లవారుజాము
నాకు అలాంటి గుంపు ఒకసారి సగం నీళ్ళున్న సీసా విసిరింది. భుజానికి తగిలింది. అప్పటినుంచి దూరాన గుంపు కనబడితే చాలు, వేగం పెంచి దాటిపోతున్నాను. అది సరైన పద్ధతేనా, లేక ముందే వేగం తగ్గించాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

నెమ్మదిబండి
తగ్గించాలి, ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. గంటకు 25 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ప్రమాదాన్ని కన్ను చూసి, చేయి బ్రేకు నొక్కేసరికి సుమారు ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పట్టకముందే 7 మీటర్లు వెళ్ళిపోయాం. ఆ తర్వాత పొడి తారురోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 5 మీటర్లు కావాలి. మొత్తం 12. అదే 15 కిలోమీటర్ల వేగంలో అయితే మొదటి సెకనులో 4 మీటర్ల చిల్లర, ఆగడానికి 2 మీటర్ల లోపు, మొత్తం 6 మీటర్లు. వేగం పది కిలోమీటర్లు తగ్గితే ఆగే దూరం సగం అవుతోంది. బ్రేకు లివర్ల మీద వేళ్ళు ముందే పెట్టి ఉంచుకుంటే ఆ మొదటి సెకనులో కూడా కొంత మిగులుతుంది.

తడి రోడ్డు మీద, ముఖ్యంగా చక్రం అంచును పట్టే పాత రకం బ్రేకులతో, ఈ లెక్కలన్నీ పెరుగుతాయి. ఎదురుగాలి గారు పడడానికి కారణం బ్రేకు లేకపోవడం కాదు, బెదిరినప్పుడు చేయి ముందు బ్రేకు మీద మొత్తం బలం పెట్టేయడం. నెమ్మదిగా ఉంటే బెదురు కూడా తక్కువగా ఉంటుంది.

కొండమలుపు
లెక్క బాగుంది. కాని అది అనుకోకుండా అడ్డం వచ్చే పిల్లలకు వర్తిస్తుంది. కావాలని అడ్డం వచ్చేవాళ్ళ ముందు నెమ్మదిస్తే వాళ్ళ పని ఇంకా సులువవుతుంది. 15లో వెళ్ళేవాడి చక్రం కమ్మీల మధ్య కర్ర దూర్చడం 25లో వెళ్ళేవాడికి దూర్చడం కన్నా తేలిక. ఇది ఊహించి చెబుతున్నది కాదు, నా ముందు చక్రంలో 4 కమ్మీలు అలాగే విరిగాయి.

చిన్నిఅడుగులు
నేను సైకిల్ తొక్కను. మా అమ్మాయికి పనికొచ్చేదేమైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ ఈ చర్చలు చదవడం మొదలుపెట్టాను, ఇంతవరకూ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన సంవత్సరం, పాదచారులకూ సైకిళ్ళకూ కలిపి వేసిన దారిలో మా ఆరేళ్ళ పాప నాకు పది అడుగుల ముందు నడుస్తోంది. వెనక నుంచి ఒక సైకిలిస్టు వచ్చారు. ఆయన బెల్లు కొట్టారు, అబద్ధం చెప్పను. ఆ బెల్లు వినగానే నేను పాపను పేరుపెట్టి గట్టిగా పిలిచాను. పాప నా గొంతు వైపు తిరిగి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, సరిగ్గా ఆయన దారిలోకి. మెడ ఎముక విరిగింది. ఆయన కూడా పడ్డారు. లేస్తూ ఆయన అన్న మొదటి మాట, "బెల్లు కొట్టాను కదండీ" అని.

ఆయన చెడ్డవారు కారు. ఆస్పత్రిదాకా వచ్చారు, మర్నాడు ఫోన్ చేసి అడిగారు. కాని ఆ మాట నా చెవుల్లో నుంచి పోలేదు. బెల్లు కొట్టడంతో తన బాధ్యత తీరిపోయిందని ఆయన నిజంగానే నమ్మారు. ఇక్కడ మీరంతా పిల్లల వల్ల మీకు జరిగినవి రాస్తున్నారు. మీరు పడ్డ బాధ నిజమే. నా పాపకు మాత్రం ఆ రోజు నుంచి ఇప్పటివరకూ సైకిల్ బెల్లు వినబడితే నడక ఆగిపోతుంది, నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంటుంది.

పాతగొలుసు
చిన్నిఅడుగులు గారూ, మీరు రాసినందుకు మంచిదైంది. వారాంతాల్లో చిన్నపిల్లలకు సైకిల్ నేర్పడం నాకు 19 ఏళ్ళుగా అలవాటు. మీ పాప చేసింది ఆ వయసు పిల్లలు ఎవరైనా చేసే పని. ఆ సంగతి తెలియవలసింది మాకు, అంటే సైకిల్ మీద ఉన్నవాళ్ళకు.

బెల్లు అనేది పెద్దవాళ్ళకు ఒక సమాచారం. చిన్నపిల్లలకు అది ఉన్నట్టుండి వచ్చే చప్పుడు మాత్రమే. ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో, తాను ఏ పక్కకు జరగాలో ఒకటిన్నర సెకనులో తేల్చుకోవడం ఆరేళ్ళ పిల్లకు సాధ్యం కాదు. కాబట్టి పిల్ల తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేస్తుంది, అమ్మ దగ్గరికి పరుగెత్తుతుంది. అందుకే నేను సైకిల్ వాళ్ళకు ఎప్పుడూ చెప్పేది, బెల్లు 30 మీటర్ల దూరంలోనే కొట్టండి, అది పిల్ల కోసం కాకుండా తల్లి కోసం కొట్టండి, తల్లి పిల్ల చేయి పట్టుకునేదాకా దాటే ప్రయత్నం చేయకండి. తల్లీ పిల్లా వేరువేరు పక్కల ఉంటే వాళ్ళ మధ్య నుంచి ఎప్పుడూ దూరకండి, ఎందుకంటే పిల్ల పరుగెత్తే దారి కచ్చితంగా అదే. అవసరమైతే దిగి నడిపించుకు వెళ్ళండి.

వేగం గురించి కూడా ఒక మాట. లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవేలో జాన్ వాన్ బృందం ప్రాథమిక పాఠశాల పిల్లలను పరీక్షించింది. గంటకు 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్లు దాటిన వేగంతో తమ వైపు వచ్చే వాహనాన్ని ఆ పిల్లలు నమ్మదగినట్టు గుర్తించలేకపోయారు. వాహనం దగ్గరవుతున్నకొద్దీ కంటిలో దాని బొమ్మ పెద్దదవుతుంది కదా, ఆ పెరుగుదలను పసిగట్టే శక్తి వాళ్ళలో ఇంకా పూర్తిగా ఎదగదు. వేగంగా వచ్చేది వాళ్ళ కంటికి నిలబడి ఉన్నట్టే ఉండవచ్చు. పల్లంలో మన సైకిల్ ఆ వేగాన్ని సులువుగానే అందుకుంటుంది. కాబట్టి పిల్లవాడు మన కళ్ళలోకి చూశాడంటే మనం ఎంత వేగంగా వస్తున్నామో గ్రహించాడని అర్థం కాదు.

సైకిల్ మీద ఉన్న పిల్లల సంగతి మరొకటి. ఐయోవా విశ్వవిద్యాలయంలో జోడీ ప్లమర్ట్, ఆమె సహచరులు సైకిల్ సిమ్యులేటర్ మీద 10, 12 ఏళ్ళ పిల్లలతో రోడ్డు దాటించి చూశారు. రెండు కార్ల మధ్య ఎంత ఖాళీ ఉంటే దాటవచ్చన్న నిర్ణయంలో పిల్లలకూ పెద్దలకూ తేడా రాలేదు. తేడా అంతా కదలడంలో వచ్చింది. పెద్దలు మొదటి కారు దాటగానే బయలుదేరారు, పిల్లలు ఆలస్యంగా బయలుదేరి, అవతలి ఒడ్డుకు చేరేసరికి రెండో కారుకు బాగా దగ్గరయ్యారు. నేను నేర్పే పిల్లల్లో ఇది కళ్ళారా చూస్తాను. నిర్ణయం తీసుకున్నాక పెడల్ ఏ స్థానంలో ఉందో వెతుక్కోవడంలోనే ఆ ఖాళీ కరిగిపోతుంది. అందుకే మొదటి పాఠంలో తొక్కడం కాకుండా, పెడల్ పైకి తెచ్చి సిద్ధంగా నిలబడడం నేర్పుతాను.

నెమ్మదిబండి
పాతగొలుసు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. సైకిల్ మీద ఉన్న పిల్లవాణ్ణి దాటేటప్పుడు వెనక నుంచి పిలిస్తే వాడు తల తిప్పి చూస్తాడు, తల ఎటు తిరిగితే హ్యాండిల్ అటే తిరుగుతుంది. అంటే పిలిచిన మనిషి మీదికే వస్తాడు. కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం దొరికేదాకా నేను పిలవను, దాటను.

మట్టిదారి
సెలవు రోజుల్లో మారుమూల దారుల్లో దూరాలు తొక్కుతాను. అక్కడ పిల్లలు రోడ్డు పక్కన వరుసగా నిలబడి చేయి చాపుతారు, మన అరచేతిని కొట్టడం వాళ్ళకు పండుగ. మొదట్లో నేనూ సంతోషంగా చేయి ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఒక బుడతడు చేతిని కొట్టకుండా పట్టుకున్నాడు. ఇద్దరం పడబోయి తప్పించుకున్నాం. అప్పటినుంచి పూర్తిగా ఆగి, కాలు నేల మీద పెట్టాకే చేతులు కలుపుతున్నాను. వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తే పిల్లలున్నా అంతే, ఆగిపోతాను. వాళ్ళ వేళ్ళు కమ్మీలకు ఎంత దగ్గరగా ఉంటాయో మనకు వెనక కనిపించదు.

ఆగినప్పుడు దొరికే మాటలు కూడా మరచిపోలేనివి. "ఇంత పెద్దయ్యావు, మీ అమ్మ నీకింకా కారు కొనివ్వలేదా?" అని ఒక పాప నన్ను ఎంతో జాలిగా అడిగింది.

రెండుచక్రాలు
నాకు 17 ఏళ్ళు, బహుశా ఇక్కడ అందరికన్నా చిన్నవాణ్ణి. ఎదురుగాలి గారి మొదటి పోస్టు చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను, ఎందుకంటే నాలుగేళ్ళ కిందట నేను ఆ గోడ మీద కూర్చునే పిల్లల్లాంటివాణ్ణే.

మా గుంపు చిన్న గులకరాళ్ళు విసిరేది. మనిషికి తగలాలని కాదు, కమ్మీలకు తగిలి టింగుమనాలని. ఒకరోజు నేను విసిరిన రాయి ఒకాయన చేతికి తగిలి ఆయన అదుపు తప్పి పడ్డారు. అందరూ పారిపోయారు. నాకు కాళ్ళు కదలలేదు. ఆయన లేచి, మోకాలి నుంచి రక్తం కారుతుండగా నా దగ్గరికి వచ్చారు. కొడతారనుకున్నాను. "హ్యాండిల్ పక్కకు తిరిగిపోయింది. ముందు చక్రం కాస్త పట్టుకుంటావా?" అన్నారు. నేను చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంటే ఆయన హ్యాండిల్ నేరుగా తిప్పుకున్నారు. అప్పుడు ఆయన చేతులు వణకడం దగ్గర నుంచి చూశాను. ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను రాయి విసరలేదు. ఆయన తిట్టి ఉంటే ఆ తిట్లను మావాళ్ళకు అనుకరించి చూపించి నవ్వించేవాణ్ణి, అది మాత్రం నాకు కచ్చితంగా తెలుసు.

కొండమలుపు
తమ్ముడూ, ఇది రాయడానికి ధైర్యం కావాలి. నా మొదటి పోస్టులో వీడియో బయట పెట్టమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. నా చక్రంలో కర్ర దూర్చినవాడి వయసెంతో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. కాని ఆగి మాట్లాడడం అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం ఒప్పుకోలేను. చీకట్లో, 17, 18 ఏళ్ళ వాళ్ళు పదిమంది ఉంటే నేను ఆగను.

తెల్లవారుజాము
నేను ఆడమనిషినని ఇంతవరకూ చెప్పలేదు, చెప్పవలసి వచ్చింది. మీరంతా ఆగడం గురించి మాట్లాడుతున్నారు. నాకు ఎదురయ్యే గుంపుల్లో కొన్ని సీసాలు విసరవు, మాటలు విసురుతాయి. ఒకసారి స్కూటర్ వెనక కూర్చున్న 15 ఏళ్ళ కుర్రవాడు వెళ్తూ వెళ్తూ నా వీపు మీద చరిచాడు. నేను పక్కన కాలువలో పడకపోవడం నా అదృష్టం. అక్కడ ఆగి నేను ఏ చక్రం పట్టుకోమని అడగాలి? నేను మనుషులున్న చోటుకు చేరేదాకా ఆగను. బండి సంఖ్య గుర్తుంటే అదే రోజు ఫిర్యాదు చేస్తాను. ఈ పద్ధతి మార్చుకోమని ఎవరూ నాకు సలహా ఇవ్వవద్దని కోరుతున్నాను.

బడిబాట
మీ పద్ధతి మార్చుకోనక్కరలేదు, తెల్లవారుజాము గారూ. ఒళ్ళు తాకడం అల్లరి కాదు, అది దాడి. ఆ కుర్రవాడి వయసు చిన్నదన్న సంగతి అతన్ని ఎలా సరిదిద్దాలన్న విషయంలో పనికొస్తుందే తప్ప ఫిర్యాదు చేయకుండా ఉండడానికి కారణం కాదు. మేము బడిలో కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తాం. వంతెన దగ్గరి పిల్లలు మొదటి రకమని ఎదురుగాలి గారు రాసినదాన్ని బట్టి అనిపిస్తోంది. అక్కడ ఉండి చూసింది ఆయనే కాబట్టి తేల్చవలసింది కూడా ఆయనే.

తోవరి
చిన్నిఅడుగులు గారి పోస్టు దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. పిల్లలు జాగ్రత్తగా ఉండాలని అందరం అంటాం. కొన్ని దేశాల చట్టం ఆ బరువును వాహనం మీద ఉన్నవాళ్ళ పైన పెట్టింది. పిల్లలు, వృద్ధులు, సాయం అవసరమైనవాళ్ళు కనిపించినప్పుడు వాళ్ళకు ప్రమాదం కలిగే అవకాశమే లేనంతగా వేగం తగ్గించి, బ్రేకుకు సిద్ధంగా ఉండాలని జర్మనీ రోడ్డు నియమావళి 3వ సెక్షన్ చెబుతోంది. సైకిలు కూడా అక్కడ వాహనమే. బ్రిటన్ హైవే కోడ్‌లో 2022 జనవరిలో చేర్చిన నియమం, ఎక్కువ హాని చేయగలవారి మీద ఎక్కువ బాధ్యత ఉంటుందంటూ, పాదచారుల విషయంలో సైకిలిస్టులకూ ఆ బాధ్యత ఉందని స్పష్టంగా రాసింది.

నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత రాసిన వ్యాసం నుంచి "పిల్లల హత్యలు ఆపండి" అనే ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి వీధుల్లో బైఠాయించారు. ఆ దశాబ్దంలోనే అక్కడ వోనెర్ఫ్ అనే పద్ధతికి, అంటే వాహనం నడక వేగంతో మాత్రమే వెళ్ళాల్సిన నివాస వీధికి, 1976లో చట్టబద్ధత వచ్చింది. ఆ వీధిలో పిల్లలు ఆడుకోవచ్చు. ఈ రోజు సైకిళ్ళకు స్వర్గమని మనం చెప్పుకునే దేశంలో మార్పు మొదలైంది పిల్లల పేరుతోనే. ఈ చర్చలో సైకిలిస్టులు ఒక వైపు, పిల్లలు ఒక వైపు నిలబడినట్టు అనిపించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తోంది.

కొండమలుపు
ఆడుకునే వీధి అంటే నాకు అభ్యంతరం లేదు. నేను వెళ్ళేది రహదారి మీద. అక్కడ కూడా నడక వేగంతో వెళ్ళాలంటే పనికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది.

నెమ్మదిబండి
అన్నిచోట్లా అక్కరలేదండీ. నేను తగ్గించేది నాలుగు సందర్భాల్లో. బడి వదిలే వేళ, రోడ్డు మీదికి బంతి దొర్లినప్పుడు, ఒక పక్క ఒక పిల్ల కనిపించి రెండోపక్క కూడా పిల్లలు ఉన్నప్పుడు, ఆగి ఉన్న కార్ల వరుస పక్కన వెళ్ళేటప్పుడు. అయిదేళ్ళ పిల్ల ఎత్తు ఒక మీటరు పైన కొద్దిగా ఉంటుంది, కారు వెనక నిలబడితే తల కూడా కనిపించదు. నేను కారు కింద నుంచి కనిపించే పాదాల కోసం చూస్తాను. రెండుసార్లు ఆ చిన్న చెప్పులే నన్ను కాపాడాయి.

చిన్నిఅడుగులు
పాతగొలుసు గారూ, పాప చేసింది ఏ పిల్లయినా చేసే పనే అన్న మీ మాట నేను చాలాసార్లు చదువుకున్నాను. నేను పిలవకుండా ఉంటే బాగుండేదని ఏడాదిగా నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో ఒక ఆట మొదలుపెట్టాం. నేను "బొమ్మ" అనగానే పాప ఉన్నచోటే కదలకుండా నిలబడాలి, నేనే తన దగ్గరికి వెళ్ళాలి. పేరు పెట్టి పిలిస్తే రావాలి, "బొమ్మ" అంటే నిలబడాలి. నిన్న దారిలో సైకిల్ వచ్చినప్పుడు అన్నాను, నిలబడింది. ఆ సైకిలమ్మాయి దిగి నడిపించుకుంటూ వెళ్ళింది.

పాతగొలుసు
"రా" అనడానికీ "ఆగు" అనడానికీ వేరువేరు మాటలు పెట్టడం చాలా మంచి ఆలోచన. ఈ వారం నుంచి నా పిల్లలకూ నేర్పుతాను. పాపకు ఇష్టమైతే తన చేతికే ఒక బెల్లు ఇచ్చి చూడండి. చప్పుడు చేసేది తానే అయినప్పుడు భయం కొంత తగ్గుతుందని నా అనుభవం. తొందరపెట్టకండి.

ఎదురుగాలి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మణికట్టు కట్టు విప్పారు, సైకిల్ మళ్ళీ ఎక్కాను.

మొదటి రోజు వంతెన మీదే వేగం తగ్గించి, గోడకు 20 మీటర్ల ముందు దిగి నడుచుకుంటూ వెళ్ళాను. తెల్లవారుజాము గారి మాటలు మనసులో ఉన్నాయి కాబట్టి బాగా వెలుగున్న వేళ చూసుకునే వెళ్ళాను. నలుగురూ ఉన్నారు. ఏదో చెప్పాలని ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ నోట రాలేదు. "ఇక్కడ పడ్డాను కదా, గొలుసు అప్పటినుంచి జారుతోంది" అని మాత్రం అన్నాను. అది నిజమే. సైకిల్ తలకిందులుగా పెట్టి చూస్తుంటే ఇద్దరు దిగి వచ్చారు. ఆ దూకే అబ్బాయి గోడ మీదే ఉన్నాడు, నా వైపు చూడలేదు. మరొకడు పెద్దగా నవ్వి ఏదో అన్నాడు, వినపడనట్టు ఊరుకున్నాను.

ఆ వారమంతా అక్కడ దిగి నడిచాను. అరుపులు ఆగలేదు కాని దూకడం ఆగింది. మొన్న ఆ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. నేను దాటి పది అడుగులు వెళ్ళాక వెనక నుంచి అడిగాడు, "ఆ రోజు నీ వెనక చక్రం ఎందుకు లేచింది?" అని. ఆగాను. బ్రేకు పడినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుందని, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే మనిషి ఆగకుండా ముందుకే వెళ్తాడని, ఒళ్ళు వెనక్కి జరిపి రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టాలని చెప్పాను. సైకిల్ ఇచ్చి, కూర్చోకుండా నడిపించి నొక్కి చూడమన్నాను. నొక్కాడు, చక్రం లేచింది, బెదిరి వదిలేశాడు. నా చేతి వైపు చూశాడు. క్షమించమని అనలేదు, నేనూ అడగలేదు.

నిన్న మళ్ళీ నలుగురూ గోడ మీద ఉన్నారు. అతను నన్ను ఎరగనట్టే కూర్చున్నాడు. నేను దిగి నడిచాను.

రెండుచక్రాలు
ఎరగనట్టు కూర్చోవడం మంచి సూచనే అన్నా. వాళ్ళ ముందు పలకరించడం అతనికి ఇప్పుడప్పుడే కుదరదు. ఇంకొన్నాళ్ళు దిగి నడవండి.

ఇరుసు
గొలుసు జారుతోందన్నారు. పడినప్పుడు వెనక డెరైల్యూర్‌ను, అంటే గేర్లు మార్చేటప్పుడు గొలుసును జరిపే భాగాన్ని, తగిలించే కొక్కెం వంగి ఉంటుంది, గొలుసు మార్చినా ఆ జారడం పోదు. మెకానిక్ దగ్గర దాన్ని నేరుగా చేయించండి. ఆ అబ్బాయి ఈసారి ఒంటరిగా కనిపిస్తే చూపించండి, వంగిన కొక్కెం వెనక నుంచి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

ఎదురుగాలి
వంగే ఉంది, ఇప్పుడే చూశాను. శనివారం దాకా అలాగే ఉంచుతాను.